క్లోరిన్ కాదు, మరేమిటి?

పొరలు అమ్మే మొగుడూ, పొరలు కోసే పెళ్లామూ ఒకే ఇంట్లో ఉంటే ఆ ఇంట్లో ప్రశాంతత ఉంటుందా అని ఎవరైనా అడిగితే, ఉండదనే చెప్పాలి. కాకపోతే పొద్దు మాత్రం బ్రహ్మాండంగా పోతుంది.

పొరలంటే ఉల్లిపొరలు అనుకునేరు, కాదు. ఫ్యాక్టరీల్లో నీళ్లు శుద్ధిచేసే పొరలు. చూడ్డానికి నున్నటి తెల్ల కాగితంలా ఉంటాయి. వాటి మధ్యమధ్య ప్లాస్టిక్ వల పెట్టి, ఒక సన్నటి గొట్టం చుట్టూ చాప చుట్టినట్టు చుట్టి, పైన గట్టి తొడుగు వేస్తారు. దాన్ని మెంబ్రేన్ అంటారు. మనిషి చంకలో పెట్టుకుని మోయగలిగినంత దిండు. ఒక పక్కనుంచి ఉప్పునీళ్లని గట్టిగా తోస్తే, నీళ్లు పొరని దాటుకుని మధ్య గొట్టంలోకి జారతాయి, ఉప్పు బయటే ఉండిపోతుంది. ఇంతే. ఇంత చిన్న సంగతి చుట్టూ ఎంత పెద్ద వ్యాపారం ఉందో చూస్తే కళ్లు తిరుగుతాయి.

వాడిన నీళ్లని బయటికి వదలడానికి వీల్లేదు, శుభ్రం చేసి మళ్లీ వాడుకోవాల్సిందే అని రూలు వచ్చాక ఫ్యాక్టరీలన్నిటికీ నీళ్ల మీద ఎక్కడలేని భక్తి పుట్టుకొచ్చింది. దాంతో మెంబ్రేన్లు అమ్మేవాళ్లు, వాటిని కడిగే మందులు అమ్మేవాళ్లు, ఆ మందులు సరిగ్గా పడుతున్నాయో లేదో చూసే మీటర్లు అమ్మేవాళ్లు, గేట్ల దగ్గర బ్యాగులు పట్టుకుని బారులు తీరారు. అన్నీ బాగున్నంతకాలం అందరూ అన్నదమ్ములే. ఒక్క మెంబ్రేన్ పాడైందా, ఇక చూడండి. మెంబ్రేన్ అమ్మినవాడు మందుల మీదికి తోస్తాడు, మందులవాడు ఆపరేటర్ మీదికి తోస్తాడు, ఆపరేటర్ నీళ్ల మీదికి తోస్తాడు. నీళ్లకి నోరు లేదు కాబట్టి తగువు అక్కడ ఆగిపోతుంది.

ఆ తగువులు తీర్చడానికి పుట్టినదే, పొరలు కోసే ఆ పెళ్లాం పనిచేసే ల్యాబు. పాడైన మెంబ్రేన్‌ని అక్కడికి పంపిస్తే కోసి, విప్పి, ఏం తిని చచ్చిందో చెబుతారు. ఆవిడని చిన్నప్పటినుంచీ అందరూ ఎందుకమ్మ అనే పిలుస్తారు. మాటలొచ్చిన దగ్గర్నుంచి ప్రతిదానికీ 'ఎందుకు?' అని ప్రాణం తీస్తుంటే విసుగెత్తిన వాళ్లమ్మ పెట్టిన పేరు అది. ఆ రోగానికి జీతమిచ్చే ఉద్యోగం దొరకడం ఆవిడ అదృష్టం.

ఇక మొగుడు. బజారులో ఆయన పేరు గ్యారంటీ. ఏ మాట మొదలెట్టినా దాని తోక పట్టుకుని ఆ మాట వస్తుంది మరి. మెంబ్రేన్లతోపాటు నీళ్లలోకీ బాయిలర్లలోకీ వాడే మందులు కూడా అమ్ముతాడు. మంచి మనిషి. అమ్మకం మొదలెడితే ఆపడం మాత్రం బ్రహ్మతరం కాదు.

అసలు గొడవ ఒక కాగితం మిల్లులో మొదలైంది. మిషన్ల రిపేరుకని మిల్లుని కొన్ని వారాలు మూసేశారు. మళ్లీ తెరిచి నీళ్ల ప్లాంటు నడిపితే, మూయడానికి కొన్నాళ్ల ముందే కొత్తగా వేసిన మెంబ్రేన్లలోంచి ఉప్పునీళ్లు వస్తున్నాయి! ఆ నీళ్లు బాయిలర్‌కి పోవాలి. పోస్తే బాయిలర్ పాడవుతుంది, పోయకపోతే మిల్లు నడవదు. మేనేజరు నెత్తీనోరూ కొట్టుకున్నాడు. ఆ మెంబ్రేన్లు అమ్మింది గ్యారంటీ. ఆ ప్లాంటు నడిపే ఆపరేటర్ ఎవరంటే, ఎందుకమ్మ తమ్ముడు. ఇంట్లో చిన్నోడు, మిల్లులోనూ చిన్నోడే.

"ఇందులో చూడ్డానికేముంది సార్, క్లోరిన్," అని తేల్చేశాడు గ్యారంటీ, మేనేజరు ముందు. మిల్లుకి వచ్చే నీళ్లలో పాకుడు పట్టకుండా ముందు క్లోరిన్ కలుపుతారు. ఆ క్లోరిన్ మెంబ్రేన్‌ని తాకితే పొర కాలిపోతుంది. అందుకని దారిలో బైసల్ఫైట్ అనే తెల్ల పొడిని కలిపి దాన్ని చంపేస్తారు. ఆ పొడి సరిగ్గా పడేలా చూడ్డమే ఆపరేటర్ పని. పడలేదంటే తప్పు ఆపరేటర్‌ది, అమ్మినవాళ్లది కాదు.

"క్లోరినే అయితే ఈ కుర్రాణ్ని ఇంటికి పంపించేస్తా. కాకపోతే మీ కంపెనీ మెంబ్రేన్లన్నీ కొత్తవి వెయ్యాలి. ల్యాబులో తేల్చండి," అన్నాడు మేనేజరు.

ఆ సాయంత్రం ఇంట్లో ఎందుకమ్మ మొగుడి మీద విరుచుకుపడింది.

"వాడు మీ బావమరిది అనే సంగతి నోరు తెరిచేముందు గుర్తు రాలేదా?"

"వచ్చింది. అయినా నేనేం చెయ్యను? నా సరుకు బాలేదని నేనే చెప్పుకోవాలా? వాడికి ఇంకోచోట ఉద్యోగం చూసే పూచీ నాది, గ్యారంటీ."

"చూశారూ, మళ్లీ గ్యారంటీ!" అని ఆవిడ చేతిలో గిన్నె ఠపీమని గట్టుమీద పెట్టింది.

చిన్నోడు తన తమ్ముడన్న సంగతీ, గ్యారంటీ తన మొగుడన్న సంగతీ ల్యాబు పెద్దకీ, మిల్లు మేనేజరుకీ ఆవిడే ముందుగా చెప్పేసింది. ఆ పని ఎరిగిన మనిషి ఇంకొకరు లేరు కాబట్టి, అందరి కళ్లముందూ కోస్తే చాలన్నారు. అలా కోయడం ఆ ల్యాబులో ఉన్న పద్ధతే. అమ్మినవాళ్లూ కొన్నవాళ్లూ చెరో పక్కన నిలబడి చూడాల్సిందే. లేకపోతే తర్వాత 'మా మెంబ్రేన్ అది కాదు, మార్చేశారు' అనేవాళ్లు బోలెడుమంది.

కోతరోజు బల్లకి ఒక పక్క గ్యారంటీ, ఇంకో పక్క మేనేజరూ చిన్నోడూ. ఎందుకమ్మ ముందు మెంబ్రేన్‌ని తూకం వేసింది. మురికి పట్టినదైతే నీళ్లు కారిపోయాక కూడా బరువుగా ఉంటుంది. ఇది తేలిగ్గానే ఉంది. రెండు చివర్లా ముక్కు పెట్టి వాసన చూసింది. కుళ్లు వాసన లేదు. అప్పుడు గిర్రున తిరిగే రంపంతో తొడుగుని నిలువునా కోసి, రెండు చేతులతో చీల్చి, పొరల్ని ఒక్కొక్కటే విప్పి బల్లమీద పరిచింది. గీత లేదు, మరక లేదు, పాకుడు లేదు. పొర పెళ్లికూతురిలా మెరిసిపోతోంది.

"చూశారా సార్, పైకి ఏమీ లేదు. క్లోరిన్ దెబ్బ ఇలాగే ఉంటుంది," అన్నాడు గ్యారంటీ.

అది నిజమే. ఆవిడ కాదనలేదు. కానీ మనసులో ఏదో గీరుకుంది.

"ఇది వరసలో ఎన్నోది?" అని తమ్ముణ్ని అడిగింది. ప్లాంటులో ఒక పొడుగాటి గొట్టంలో మెంబ్రేన్లని రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి దూరుస్తారు.

"మొదటిది," అన్నాడు చిన్నోడు.

"అన్నిటికంటే చివరిది కూడా తీసుకురండి."

"చివరిది దేనికి? ఒకటి కోస్తే చాలదా?" అన్నాడు గ్యారంటీ.

"ఎదురొచ్చినవాణ్ని కొట్టుకుంటూ వచ్చే దొంగ మొదటివాణ్నే ఎక్కువ కొడతాడు. క్లోరిన్ కూడా అంతే. ముందున్న పొరల మీద దాని కసంతా తీర్చుకుంటుంది. చివరికొచ్చేసరికి చల్లారిపోతుంది. ఆ తేడా ఉందో లేదో చూడాలి," అంది ఎందుకమ్మ.

చివరి మెంబ్రేన్ వచ్చింది. దాన్నీ అందరిముందూ కోసింది. రెండిట్లోంచీ ముక్కలు కత్తిరించి, చిన్న ఇనప గిన్నెలో బిగించి, పైనుంచి గులాబిరంగు నీళ్లని ఒత్తిడితో తోసింది. పొర బాగుంటే రంగు పైనే నిలిచిపోతుంది. రెండు ముక్కలూ తిప్పి చూస్తే వెనకవైపంతా గులాబిమయం! తేడా చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. మొదటిదీ చివరిదీ సరిసమానంగా చచ్చాయి.

తర్వాత ఇంకో పరీక్ష ఉంది. క్లోరిన్ ముట్టుకున్న పొర దాన్ని తనలో దాచుకుంటుంది. ముక్కని తగిన మందుల్లో వేసి వేడి చేస్తే ఎర్రబడి ఆ సంగతి బయటపెడుతుంది. ఎందుకమ్మ గాజుగొట్టాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. అందరూ మెడలు సాచారు. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. మళ్లీ చేసింది. మళ్లీ అంతే.

"క్లోరిన్ కాదు," అంది.

గ్యారంటీ మొహం వాడింది. మేనేజరు ఆయన వంక చూసి, "అయితే సరుకే నాసి అన్నమాట," అన్నాడు.

"అదీ కాదండీ. మూసేముందు రోజు వరకూ ఇవే మెంబ్రేన్లు బంగారంలా పనిచేశాయి, ఆ అంకెలు మీ దగ్గరే ఉన్నాయి. ఏదో ఒకటి వీటన్నిటినీ ఒకేసారి, ఒకేలా కొరికేసింది. అదేంటో నాకింకా తెలీదు. కొంచెం టైమివ్వండి."

సంతోషించాల్సినవాడు ఎవరు? చిన్నోడు. ఉద్యోగం నిలబడే సూచన కనబడింది కదా. వాడేమో ఆ సాయంత్రం ల్యాబు గేటు దగ్గర అక్క కోసం కాచుకుని ఉన్నాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అక్కా, ఇక్కడితో ఆపెయ్యవే. కారణం తెలీలేదని రాసెయ్. కాదూ కూడదంటే క్లోరినే అని రాసెయ్, ఫర్వాలేదు."

"నీకేమైనా మతి పోయిందా? క్లోరిన్ అంటే నిన్ను పంపించేస్తారురా!"

"పంపిస్తే పంపించనీ. నాకు ఆ ఉద్యోగమంటే విసుగొచ్చింది."

అబద్ధం. ప్లాంటులో పంపు చప్పుడు మారితే నిద్రలోంచి లేచి కూర్చునే రకం వాడు. అక్కకి తెలియదా? మామూలు మనిషైతే పోనీలే అని వదిలేసేది. ఎందుకమ్మకి ఆ మాటతో ఒళ్లంతా చెవులైపోయాయి. ఉద్యోగం పోతుందన్న భయంకంటే పెద్ద భయం వీడికి ఏముంది?

ఆవిడ ఆ అనుమానాన్ని పైకి తేలనివ్వలేదు. "సరేగానీ, మిల్లు మూసినప్పుడు మెంబ్రేన్లని దేంట్లో నానబెట్టారు?" అని మాత్రం అడిగింది.

"ఎప్పట్లాగే. బైసల్ఫైట్ కలిపిన నీళ్లలో," అన్నాడు చిన్నోడు, నేల చూస్తూ.

ఖాళీగా ఉన్న మెంబ్రేన్లు కుళ్లిపోకుండా అలా నానబెట్టడం మామూలే. "ఆ పొడి కొంచెం తెచ్చి పెట్టు," అంది. మర్నాడు వాడు పొట్లం తెచ్చిచ్చాడు. అగ్గిపుల్ల ఆర్పినప్పటి వాసన, తెల్లటి పొడి, ఏ వంకా లేదు.

అప్పుడామె పొర ముక్కల్ని కాల్చి బూడిద చేసి, అందులో ఏ ఏ లోహాలున్నాయో చెప్పే మిషన్‌లో పెట్టింది. ఇనుము కొంచెం, అది మామూలే. దాని పక్కన ఇంకో గీత లేచి నిలబడింది. కోబాల్ట్. కాగితం మిల్లు నీళ్లలో కోబాల్ట్‌కి ఏం పని? నీళ్లు పరీక్షించింది, లేదు. తమ్ముడు తెచ్చిన పొడి పరీక్షించింది, లేదు. మొదటి మెంబ్రేన్‌లో ఎంతుందో చివరిదానిలోనూ అంతే ఉంది. పారే నీళ్లతో వచ్చినది అయితే అలా ఉండదు. నిలవ ఉన్న నీళ్లలోంచి అంటుకున్నది. అంటే నానబెట్టిన నీళ్లలో ఉంది. ఆ నీళ్లలో కలిపామన్న పొడిలో లేదు. ఇదెక్కడి చోద్యం!

ఆ సాయంత్రం భోజనాల దగ్గర కూడా ఆవిడ ఈ లోకంలో లేదు. ముద్ద చేతిలో పట్టుకుని, "కోబాల్ట్... అసలు కోబాల్ట్ ఎక్కణ్నుంచి వచ్చి చచ్చిందో," అని గొణుక్కుంది.

గ్యారంటీ కోత రోజునుంచీ ముభావంగా ఉన్నాడు. కానీ సరుకు మాట చెవిన పడ్డాక ఊరుకోగలడా? మొహం విప్పారింది.

"కోబాల్టా? మా బాయిలర్ మందులో ఉంటుందోయ్! అదీ బైసల్ఫైటే, కాకపోతే కొంచెం కోబాల్ట్ కలుపుతారు. మామూలుది నీళ్లలో ఆక్సిజన్ని తినడానికి నానా తంటాలూ పడుతుంది. ఇదైతే చిటికెలో మింగేస్తుంది. బాయిలర్ తుప్పు పట్టమన్నా పట్టదు. ఏం సరుకనుకున్నావ్! మొన్న మిల్లు మూసేటప్పుడు మామూలు స్టాకు రాలేదని చిన్నోడు కంగారుపడుతుంటే, మా గోడౌన్‌లోంచి అదే ఒక బస్తా తీసిచ్చా. 'ఇది అదేనా బావా?' అన్నాడు. 'అదే రా, దానికంటే మేలురకం' అన్నా..."

మాట అక్కడ ఆగిపోయింది. పెళ్లాం ముద్ద కంచంలో పెట్టేసి ఆయన్నే చూస్తోంది.

"ఏం? అలా చూస్తావేంటి?"

ఎందుకమ్మ నెమ్మదిగా చెప్పింది. ఆ పొడి ఆక్సిజన్ని మింగేటప్పుడు మధ్యలో క్షణకాలం బతికే కొన్ని ఘాటు పదార్థాలు పుడతాయి, అవి క్లోరిన్ కంటే మొరటువి. మామూలు పొడిలో పుట్టినా లెక్కలోకి రావు. కోబాల్ట్ తోడైతే పుడుతూనే ఉంటాయి. బాయిలర్ ఇనుముకి అవి ఒక లెక్కా? పొర మాత్రం వాటికి ఆగలేదు. నానబెట్టిన ట్యాంకులో గాలి తగులుతూనే ఉంది, వారాల తరబడి కొరుకుతూనే ఉన్నాయి. కాపలా పెట్టినదే మొత్తం తినేసింది.

గ్యారంటీ కంచంలో మెతుకులు ఒక్కొక్కటే పక్కకి జరిపాడు.

"బస్తా మీద రెండింటికీ ఒకటే పేరు," అన్నాడు చివరికి. "త్వరగా పనిచేసేదంటే మంచిదే కదా అనుకున్నా."

"అనుకున్నారు."

"ఈ సంగతి బయటికొస్తే మా కంపెనీ నన్ను ఉంచదు."

"అవును."

"కారణం తేలలేదని రాస్తే?" అని అడిగేసి, తన మాట తనకే నచ్చక తల దించుకున్నాడు.

ఆవిడకి ఒళ్లు మండింది, వెంటనే జాలీ వేసింది. ఏదీ దాచుకోలేదు. "నాకు మీ మీద కోపంగా ఉంది. మిమ్మల్ని చూస్తే కడుపు తరుక్కుపోతోంది కూడా. అయినా తేలినదాన్ని తేలలేదని నేను రాయలేను. మేనేజరు ఎలాగూ ఎవరో ఒకర్ని పట్టుకోవాలి. దొరికేది చిన్నోడు," అంది. అప్పుడు ఆవిడకి ఇంకో సంగతి తట్టింది. "వాడికి తెలుసండీ! బస్తా మీద సన్నక్షరాలు తర్వాతెప్పుడో చదువుకుని ఉంటాడు. అందుకే నాకు వేరే పొడి తెచ్చిచ్చాడు. అందుకే ఆపెయ్యమన్నాడు."

గ్యారంటీ కంచం ముందునుంచి లేచిపోయాడు. చెయ్యి కడుక్కోవడం కూడా మర్చిపోయి వరండాలో నిలబడ్డాడు. తాను మేనేజరు ముందు 'క్లోరిన్' అని తేల్చినప్పుడు ఆ కుర్రాడు ఎదురుగానే ఉన్నాడు. ఒక్క మాట అనలేదు.

పొద్దున్నే ముగ్గురూ మేనేజరు గదిలో ఉన్నారు. ఎందుకమ్మ రిపోర్టు బల్లమీద పెట్టింది. మేనేజరు ఇంకా కళ్లజోడు వెతుక్కుంటుండగానే గ్యారంటీ లేచి నిలబడ్డాడు.

"సార్, అది చదివేముందు ఒక మాట. మీ మెంబ్రేన్లని పాడుచేసింది నేనిచ్చిన బస్తా. అది బాయిలర్ మందు. తెలియక ఇచ్చాను, తెలిసినట్టు గొప్పలు చెప్పి ఇచ్చాను. ఈ కుర్రాడు అడిగే వేశాడు. ఇందులో వాడి తప్పేమీ లేదు."

"బావా!" అన్నాడు చిన్నోడు.

మేనేజరు కళ్లజోడు పెట్టుకుని ఒకళ్ల తర్వాత ఒకళ్లని చూశాడు. "నీకీ సంగతి ముందే తెలుసా?" అని చిన్నోణ్ని అడిగాడు.

"తెలుసు సార్. మిల్లు తెరిచాక ఉప్పు తగ్గుతుందేమోనని మెంబ్రేన్లని రెండోసారి కడిగినప్పుడు, ఖాళీ బస్తా మీద బాయిలర్‌కి మాత్రమే అని ఉండటం చూశాను."

"తెలిసీ నీ మీద వేసుకున్నావా? ఉద్యోగం పోతుందని తెలీదా?"

చిన్నోడు అక్కవైపు చూడకుండా గోడవైపు చూశాడు. "నాకు పని ఇంకోచోట దొరుకుతుంది సార్. నా వల్ల మా అక్కా బావా విడిపోతే, ఆ ఇల్లు నేను ఎక్కణ్నుంచి తెచ్చివ్వను?"

మేనేజరు రిపోర్టుని తన ముందుకి లాక్కుని, చిన్నోణ్ని వెళ్లి ప్లాంటు చూసుకోమన్నాడు. కొత్త మెంబ్రేన్లు వచ్చేదాకా పాతవాటితోనే ఎలా నెట్టుకురావాలో ఆలోచించమన్నాడు. గ్యారంటీతో మాత్రం, ఆయన కంపెనీకి తనే ఉత్తరం రాస్తానని, ఇక ఈ గేటు లోపలికి ఆయన్ని రానివ్వలేనని చెప్పాడు. గ్యారంటీ తల ఊపాడు.

బయట నడవాలోకి వచ్చారో లేదో, ఎందుకమ్మ తమ్ముడి వీపుమీద దబీమని ఒకటిచ్చింది. కళ్లనిండా నీళ్లు.

"నా కాపురం నిలబెట్టడానికి నువ్వెవడివిరా? ఒక బస్తా పొడికి విడిపోయే కాపురమా నాది? ఏడేళ్లవాడివిగా ఉన్నప్పుడు నీ ముక్కు తుడిచినదాన్ని, నాకు చెప్పకుండా నా కోసం బలైపోతావా?" అని ఇంకొకటిచ్చింది. ఈసారి చెయ్యి అక్కడే ఉండిపోయింది. వాణ్ని దగ్గరికి లాక్కుని భోరుమంది.

నడవాలో కాగితాలు మోసుకెళ్తున్నవాళ్లు ఆగి చూస్తున్నారు. గ్యారంటీ నాలుగడుగుల దూరంలో, బ్యాగు గుండెలకి ఆనించుకుని, దగ్గరికి రావాలో వెళ్లిపోవాలో తెలియక గోడకి అతుక్కుపోయి నిలబడ్డాడు.

అక్క భుజం మీదుగా చిన్నోడు ఆయన్ని చూశాడు.

"అక్కడెందుకు బావా, ఇటు రా," అన్నాడు. "ఈ దెబ్బలు నేనొక్కణ్నే తినలేను."